సగం అలక

"పర్లేదత్తయ్యా" అన్న మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. మర్యాదైన మాటే, కాదనను. మా కోడలు మృణాళిని నోట ఆ మాట మొదటిసారి విన్న రోజున నేను కూడా మురిసిపోయాను. అసలు సంగతి తెలియక మురిసిపోయాను.

మాది కాకినాడ. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యాను. మా అబ్బాయి భార్గవ, కోడలు మృణాళిని మేడమీద గదుల్లో కూర్చుని వీడియో గేములు తయారుచేస్తారు. కథలు ఆమెవి, యంత్రాలు వాడివి. చుట్టాలెవరైనా వచ్చి "ఇంకా ఆటలేనా అబ్బాయ్?" అని వెటకారం చేస్తే, వాళ్ళకి కాఫీ కాస్త పల్చగా ఇచ్చి పంపేదాన్ని.

అప్పట్లో వాళ్ళు చేస్తున్న ఆట పేరు 'మడదీవులు'. ఆడేవాడే అందులో ఒక పాత్ర. ఎటు వెళ్ళాలో, ఎవరితో ఏం మాట్లాడాలో, ఎవరికి ఏ మాటివ్వాలో అన్నీ అతనే ఎంచుకోవాలి. మడ అడవుల మధ్య ఉప్పుటేరు పాయల్లో తప్పిపోయిన తమ్ముణ్ణి వెతకాలి. అతన్ని పడవలో తిప్పే మనిషి తరళ. కథానాయిక ఆవిడే. ధైర్యవంతురాలు, తెలివైనది, అలసట ఎరగదు, పల్లెత్తు మాట అనదు.

ఆట ఎలా ఉందో చూడమని ఇంజినీరింగ్ కాలేజీ పిల్లల్ని పిలిచారు. ఆడటం అయ్యాక మృణాళిని ఆత్రంగా అడిగింది, "తరళ ఎలా అనిపించింది?" అని.

"తరళ అంటే ఎవరండీ?" అన్నాడొకడు.

"పడవ నడిపింది కదా, ఆవిడ."

"ఓ, ఆవిడాండీ! బాగానే నడిపారండి."

ఆ పూట మా కోడలు అన్నం సరిగ్గా తినలేదు. కంచంలో గీతలు గీస్తూ కూర్చుంది. "ఏ లోపమూ లేకపోతే మనిషి కనపడదత్తయ్యా. గుణాలు మెచ్చుకుని వదిలేస్తారు. ఇష్టపడాలంటే ఎక్కడో ఒకచోట తేడాగా ఉండాలి" అంది.

"అయితే ఓ లోపం పెట్టెయ్. దానికేం భాగ్యం?" అన్నాను.

"పెట్టాను. కోపం పెట్టాను, పిరికితనం పెట్టాను, అబద్ధాలు కూడా ఆడించాను. ఏది పెట్టినా వేషం వేసినట్టే ఉందండి."

ఆ తర్వాత కొద్దిరోజులకే నావల్ల ఒక పొరపాటు జరిగింది. మృణాళిని తనకోసం దాచుకున్న గొట్టం కాజాలు, మోటారు బాగుచెయ్యడానికి వచ్చిన మేస్త్రీకి పెట్టేశాను. ఇంట్లో ఇంకేమీ లేవు మరి. ఆమె వచ్చి ఖాళీ డబ్బా చూసింది. "పోనీలెండి. నాకేం వద్దు" అంది. తిన్నగా పెరట్లోకి వెళ్ళి, బట్టలుతికే బండమీద గోడవైపు తిరిగి కూర్చుంది.

మా కోడలి అలక గురించి ఇక్కడ కాస్త చెప్పుకోవాలి. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రిది బదిలీల ఉద్యోగం. పిల్ల హాస్టళ్ళలో పెరిగింది. అక్కడ అన్నం వద్దంటే సరేనని గిన్నె పక్కపిల్ల ముందుకి తోసేసేవాళ్ళే తప్ప, ఎందుకమ్మా అని అడిగినవాళ్ళు లేరట. పెళ్ళయి వచ్చాక ఏడాది దాటినా ఒక్కసారి మూతి ముడవలేదు. ఏం పెట్టినా తినేది, ఏమన్నా నవ్వేది, పరాయి ఇంట్లో ఉన్నట్టు ఉండేది. మొదటిసారి అలిగి ఆ బండ మీద కూర్చున్న రోజున నేను వంటింట్లోకి వెళ్ళి నవ్వు ఆపుకోలేకపోయాను. హమ్మయ్య, ఇక ఇది మన పిల్లయిపోయింది అనుకున్నాను. పరాయివాళ్ళ మీద ఎవరలుగుతారు? వెనకాలే ఎవరో వస్తారన్న ధీమా ఉంటేనే కదా ఆ గోడవైపు తిరగడం!

బతిమాలే పద్ధతి కనిపెట్టడానికి మాత్రం నాకు కొంతకాలం పట్టింది. తప్పయిందంటే ఆమె ఇంకా బిగుసుకుపోతుంది. తినడానికి తెచ్చిస్తే కన్నెత్తి చూడదు. ఏదో ఒక పని చేతకానట్టు నటించాలి. ఆ రోజు కూడా పచ్చడి సీసా పట్టుకెళ్ళి, "ఈ మూత రావట్లేదే, చేతులు నొప్పెడుతున్నాయి" అన్నాను. నా మొహం చూడకుండానే చెయ్యి చాపి సీసా లాక్కుంది. మూత తిప్పి ఇచ్చింది. ఇచ్చాక కదలకుండా ఒక క్షణం అలాగే ఉండి, "ఆ మేస్త్రీ బాగున్నాయన్నాడా?" అంది. అంతే, తీరిపోయింది.

కిటికీలోంచి ఇదంతా చూస్తున్న మా సుపుత్రుడు ఒక్క గెంతు గెంతాడు. "ఇదేనమ్మా! తరళకి కావలసింది ఇదే!"

మృణాళిని కళ్ళు మెరిశాయి. ఇద్దరూ మేడ మీదికి పరిగెత్తారు. సీసాతో నేను బండ దగ్గరే నిలబడిపోయాను.

భార్గవ తయారుచేసిన యంత్రం చూడటానికి తలస్నానానికి పెట్టుకునే టోపీలాగే ఉంటుంది. లోపల మాత్రం అన్నీ సన్నటి తీగలు. అది తగిలించుకుని పాత సంగతి తలుచుకుంటే, అప్పుడు మనసులో లేచిన ఉద్వేగం ఏ దారిన లేచిందో అది పట్టుకుంటుంది. ఆ దారిని ఆటలో పాత్రకి నేర్పుతుంది.

"గట్టిగా ఉన్న జ్ఞాపకాన్ని చదవలేమమ్మా. తలుచుకున్నప్పుడు మెత్తబడుతుంది. అప్పుడు పట్టుకోవాలి" అన్నాడు, భార్య తలకి పట్టీలు బిగిస్తూ.

"మళ్ళీ గట్టిపడుతుందా?"

"అదే గట్టిపడుతుంది. నువ్వు కంగారుపడకు."

మృణాళిని కళ్ళు మూసుకుని కాజాల సంగతి తలుచుకుంది. తెరమీద పచ్చటి గీత మెల్లగా పైకి లేచింది. ఆమె కింది పెదవి ముందుకొచ్చింది. గీత కొసకి చేరేసరికి భార్గవ చప్పట్లు కొట్టి, "చాలు! దొరికింది!" అని టోపీ తీసేశాడు. ఆమె నీళ్ళు తాగి, ఇంకో అలక తలుచుకోవడం మొదలుపెట్టింది. అవి మా ఇంట్లో తక్కువేం లేవు. సినిమాకి తనని వదిలేసి వెళ్ళినది, తను కుట్టిన లంగా బాగుందని అనకపోయినది, జ్వరంలో ఉంటే భార్గవ క్రికెట్ చూస్తూ కూర్చున్నది. అన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఆ టోపీలోకి వెళ్ళాయి. వర్షాకాలం అంతా అదే పని.

తరళకి ప్రాణం వచ్చింది. ఆడేవాడు ఏదో మాటిచ్చి మరిచిపోతే ఆవిడ ఏమీ అనదు. తెడ్డు ఒళ్ళో పెట్టుకుని నీళ్ళవైపు తిరిగి కూర్చుంటుంది. పడవ ఆగిపోతుంది. కత్తులున్నా, సంచినిండా సరుకులున్నా, ఆవిడ మనసు మారేదాకా కథ ముందుకి కదలదు. మళ్ళీ ఆడటానికి వచ్చిన కాలేజీ పిల్లలు ఈసారి ఇళ్ళకి వెళ్ళమంటే వెళ్ళలేదు. "తరళ అలిగిందండి. నేనే మాట తప్పాను. ఎలాగండీ ఇప్పుడు?" అని ఒకడు నిజంగా దిగులుపడ్డాడు. ఒకమ్మాయి ఆట మధ్యలో లేచి వరండాలోకి వెళ్ళి, ఎవరికో ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడి వచ్చింది. బెంగుళూరు కంపెనీవాళ్ళు ఆట తామే విడుదల చేస్తామని ముందుకొచ్చారు.

కింద, ఇంట్లో, వేరే కథ నడుస్తోంది.

నేను మృణాళిని పుట్టినరోజు మరిచిపోయాను. సాయంత్రం గుర్తొచ్చి నాలుక కరుచుకుని పెరట్లోకి పరిగెత్తాను. బండ ఖాళీగా ఉంది. ఆమె హాల్లో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. "పర్లేదత్తయ్యా, పుట్టినరోజే కదా" అంది నవ్వుతూ. ఎంత పెద్దమనసు వచ్చిందో అని పక్కింటావిడ దగ్గర గొప్పలు కూడా చెప్పుకున్నాను. ఇంకోరోజు భార్గవ వచ్చి ఇంటికి తీసుకొస్తానని చెప్పి మరిచిపోతే జోరువానలో తడుస్తూ వచ్చింది. "పర్లేదు, బట్టలేగా" అని తుడుచుకుంది. మేనత్త కూతురి పెళ్ళిలో ఆమెను భోజనానికి పిలవడం మరిచారు. అప్పుడూ అదే 'పర్లేదు'.

మెల్లగా నాకు భయం పట్టుకుంది. ఎన్నో ఏళ్ళు చెవికి హెడ్‌ఫోను తగిలించుకుని బతికినదాన్ని. అవతలివాళ్ళు లైన్లో ఉండి మాట్లాడకపోవడానికీ, లైనే తెగిపోవడానికీ తేడా నాకు తెలుసు. మొదటిదాంట్లో ఊపిరి వినపడుతుంది. మా కోడలి నవ్వు వెనకాల నాకు ఏమీ వినపడటం లేదు.

ఒక మధ్యాహ్నం ఏమీ తోచక మేడెక్కి, "నాకూ నేర్పరా మీ ఆట" అన్నాను. భార్గవ ఆశ్చర్యపోయి, మీటలు చూపించి, టీ తాగడానికి కిందికి వెళ్ళాడు. నేను పడవెక్కాను. పీతలు పట్టే ముసలాయనకి మందు తెచ్చిపెడతానని తరళ ఎదుటే నేను మాటిచ్చి, మీటలు నొక్కే హడావిడిలో మరిచిపోయాను. తరళ నావైపు ఒకసారి చూసింది. "పోనీలే. నాకేం వద్దు" అంది. తెడ్డు ఒళ్ళో పెట్టుకుని అటు తిరిగింది.

నా చేతులు ఆగిపోయాయి. ఆ మెడ తిప్పడం, ఆ చీరకొంగు చివర వేలికి చుట్టుకోవడం, మూసుకున్న పెదవుల మధ్య ఆ ఊపిరి! ఇన్నాళ్ళూ ఇంట్లో వెతుక్కుంటున్నది ఇక్కడ పడవలో కూర్చుని ఉంది.

తెరమీద నేను చెప్పదగిన మాటలు వచ్చాయి. క్షమించమనవచ్చు, పూసలదండ ఇవ్వవచ్చు, గద్దించవచ్చు. అన్నిటికన్నా కింద, ఎవరూ పట్టించుకోనంత చిన్నగా ఇంకోటి ఉంది: 'ఈ తాడు ముడి రావట్లేదు, కాస్త చూస్తావా?' కాలేజీ పిల్లలు తలలు పట్టుకున్నది ఇక్కడేనట. నేను దాన్నే నొక్కాను. తరళ నా మొహం చూడకుండానే చెయ్యి చాపి తాడు లాక్కుంది. ముడి విప్పింది. ఒక క్షణం అలాగే ఉండి, "ఆ ముసలాయన ఎదురుచూస్తూ ఉంటాడు" అంది. తెడ్డు నీళ్ళలో వేసింది.

నేను వలవలా ఏడ్చాను. టీ గ్లాసుతో వచ్చిన భార్గవ హడలిపోయాడు. వెనకే మృణాళిని వచ్చింది.

"ఏమైందమ్మా? ఆటేగా!"

"ఆ టోపీలోకి ఎక్కించినవన్నీ చూపించు" అన్నాను.

చూపించాడు. ప్రతిదాంట్లోనూ పచ్చగీత పైకి లేస్తుంది, కొసన ఆగిపోతుంది. ఒక్కటంటే ఒక్కటి కిందికి దిగిన గీత లేదు.

"బతిమాలేది ఏదిరా?"

"అది మృణ రాసేసింది కదా, రికార్డు చెయ్యడమెందుకని... అలక వరకూ పట్టుకుని ఆపేశాం."

"అంటే ఈ పిల్లని ఇన్నిసార్లు కూర్చోబెట్టి అలిగించి, ఒక్కసారి కూడా వెనకాల ఎవరూ రాకుండా వదిలేశావన్నమాట. మెత్తబడ్డది మళ్ళీ గట్టిపడుతుందన్నావు. ఎలా గట్టిపడిందో చూశావా?"

వాడు తెలివితక్కువవాడు కాదు. గ్లాసు బల్లమీద పెట్టి తెరవైపు చూస్తూ ఉండిపోయాడు. సగం అలకనే అలక అనుకున్నాం అందరం. లోపం అన్నది మాకు కనపడింది కానీ, దాన్ని తీర్చడానికి వచ్చే మనిషి కూడా అందులో భాగమేనని ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు.

మృణాళిని ఎవరి మీదా కోపం లేకుండా, చాలా నెమ్మదిగా అంది: "నిజమేనేమో అత్తయ్యా. ఈమధ్య ఆ బండ దగ్గరికి వెళ్ళాలనిపించట్లేదు. వెళ్తే మాత్రం ఎవరొస్తారులే అనిపిస్తోంది. హాస్టల్లోనూ ఇలాగే ఉండేది. పర్లేదు, అలవాటే."

ఎన్నేళ్ళు బతిమాలి తెచ్చుకున్న పిల్ల! మళ్ళీ ఆ హాస్టలుకే పంపేశాం, మా మేడమీంచే.

మర్నాడు భార్గవ ఆమెకి మళ్ళీ టోపీ తగిలించాడు. ఆమె తలుచుకోగానే నేను పక్కనుండి బతిమాలాలని, ఆ మిగతా సగం పూర్తిచేయాలని మా ఆలోచన. సీసాలు, చిక్కుపడ్డ దారాలు, తెరుచుకోని పెట్టెలు ముందేసుకుని కూర్చున్నాను. గీత లేవలేదు. బల్లపరుపుగా పోతూనే ఉంది.

"కాజాలు గుర్తున్నాయత్తయ్యా. డబ్బా గుర్తుంది. కోపం మాత్రం ఎవరిదో చదివినట్టుంది" అంది, పాపం, నాకు సాయం చెయ్యలేకపోతున్నందుకు నొచ్చుకుంటూ.

భార్గవ ఆ టోపీ తీగలన్నీ పీకేశాడు. తరళని కూడా ఆటలోంచి తీసేస్తానన్నాడు.

"దాని జోలికి వెళ్ళకు. నేను రాసినవాళ్ళలో బతికిన మనిషి అదొక్కతే" అంది మృణాళిని. ఆ మాట అన్నప్పుడు కూడా గొంతులో హెచ్చుతగ్గుల్లేవు.

నేను నా ప్రయత్నాలు మానలేదు. కావాలని ఆమె కూరలో ఉప్పు వెయ్యలేదు. ఆమె మొక్కలు పక్కింటికి ఇచ్చేశాను. ఆమెకి వినపడేట్టు పక్కింటి కోడల్ని పొగిడాను. చెప్పడానికి సిగ్గుగానే ఉంది. అన్నిటికీ ఒకటే సమాధానం. ఆఖరికి ఆ మొక్కలు నేనే తిరిగి అడిగి తెచ్చుకున్నాను.

ఆట విడుదలైంది. ఎక్కడెక్కడివాళ్ళో తరళ గురించి రాస్తున్నారు, దిగులుపడుతున్నారు, తగవు తీర్చుకుని సంబరపడుతున్నారు. రెండో భాగం రాయడానికి మృణాళినిని బెంగుళూరు రమ్మన్నారు. అది ఆమె మాకు అన్నం తింటుండగా చెప్పింది.

"వెళ్ళాలనుకుంటున్నాను అత్తయ్యా. భార్గవ కూడా వస్తాడు. మీరు ఇక్కడే ఉంటారుగా, పర్లేదు కదా? చారు వెయ్యనా?"

గ్యాసు సిలిండరు వచ్చిందని చెప్పినంత మామూలుగా చెప్పింది. తప్పు ఆమెది కాదు, నాకు తెలుసు. అయినా తెలిసినంత మాత్రాన మనసు వింటుందా? కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాను. వీళ్ళకి నేను గోడలాంటిదాన్నా? రమ్మని మాటవరసకైనా అనరా?

"నాకేం వద్దులే" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చినందుకు నాకే ఆశ్చర్యం వేసింది. నేను ఎనిమిదిమందిలో పెద్దదాన్ని. తమ్ముళ్ళ అలకలు, చెల్లెళ్ళ అలకలు, కట్టుకున్నాయన అలకలు, అన్నీ తీర్చడమే నా పని. నాకు అలిగే వంతు ఎప్పుడూ రాలేదు. చెయ్యి కడుక్కుని వరండాలోకి వెళ్ళి, వీధివైపు తిరిగి కుర్చీలో కూర్చున్నాను. నటన కాదు. నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కాసేపటికి మృణాళిని వచ్చింది. "పర్లేదత్తయ్యా, ఆకలేసినప్పుడే తిందురుగాని" అని వెళ్ళిపోయింది. అప్పుడు ఇంకా బాధపడ్డాను.

మళ్ళీ వచ్చింది. "తప్పయిందండి" అంది. నేను కదల్లేదు. బెంగుళూరులో చలి ఎక్కువనీ, నా మోకాళ్ళకి పడదనీ, ఆలోచించే చెప్పాననీ నచ్చజెప్పింది. అన్నీ సబబుగానే ఉన్నాయి. సబబైన మాటలతో అలక తీరుతుందా ఎక్కడైనా? లోపలికి వెళ్ళి పెసరట్టు వేసి తెచ్చింది. నేను వీధిలో పోయే ఆటోలు చూస్తున్నాను. ఆమె పళ్ళెంతో నిలబడింది. ఎంతసేపు నిలబడిందో తెలియదు కానీ, మెల్లగా ఆమె ఊపిరి నాకు వినపడటం మొదలైంది.

"నేనేం చేశానండీ అంతగా?" అంది.

నేను కుర్చీ ఇంకాస్త వీధివైపు జరుపుకున్నాను.

"వచ్చాను, మళ్ళీ వచ్చాను, వేడివేడిగా వేసి తెచ్చాను. ఇంకేం చెయ్యమంటారు? నాకు బతిమాలడం రాదు. నన్ను మీరే పాడుచేశారు. ఎప్పుడూ మీరే వచ్చేవారు, ఇప్పుడు నేనొస్తే మొహం కూడా చూడరా?" గొంతు వణికింది. పళ్ళెం గట్టుమీద ఠక్కున పెట్టింది. "సరే. నాకూ వద్దు. నేనూ తినను పొండి."

తలుపుకి అవతలివైపు, నాకు వీపు పెట్టి, గోడవైపు తిరిగి నేలమీద చతికిలబడింది.

లేచి వెళ్ళి దగ్గరికి తీసుకోవాలని కాళ్ళు లాగేశాయి. తమాయించుకుని కూర్చున్నాను. ఇది టోపీలోది కాదు, కాజాలది కాదు. ఇప్పుడే, నా మీదే, కొత్తగా పుట్టినది. దీన్ని మధ్యలో ఆపకూడదు.

మాటలు విని భార్గవ బయటికొచ్చాడు. ఇటు నన్ను చూశాడు, అటు భార్యని చూశాడు. వాడికి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక మా ఇద్దరి మధ్యా గుమ్మంలో మెల్లగా కూర్చున్నాడు. వాడి కళ్ళు తడిగా ఉన్నాయి.

"మీ అమ్మగారిని తినమను భార్గవా. బీపీ మాత్ర వేసుకోవాలి" అంది గోడ.

"దాన్ని ముందు తినమనరా" అన్నాను వీధితో.

"ఆవిడ తింటేనే నేను తింటానని చెప్పు."

"నన్ను బెంగుళూరు రమ్మని ఒక్కమాట అనని వాళ్ళ పెసరట్లు నాకక్కర్లేదని చెప్పు."

అటువైపు నిశ్శబ్దం. ఊపిరి ఉన్న నిశ్శబ్దం.

"రమ్మంటే వస్తారేమో అడుగు" అంది చివరికి, గొంతు చాలా చిన్నది చేసుకుని. "రానంటే... రానంటే నేను మాత్రం ఊరుకోను, చెప్పు."

భార్గవ నావైపు తిరిగాడు. నా నోటిదాకా వచ్చింది, వస్తానే పిచ్చిదానా అని. కానీ నేను ఇంకా వీధివైపే చూస్తూ కూర్చున్నాను. నన్నొకళ్ళు బతిమాలడం ఇదే మొదటిసారి మరి. కాసేపు ఉండనిచ్చాను.